టమాట ఎండు తెగులుకు సూడోమోనాస్ పొడి: నిజంగా పనిచేస్తుందా?

టమాటతోట (మదనపల్లె దగ్గర)

అందరికీ నమస్కారం. మాది ఎర్రనేల, బోరు కింద రెండెకరాల టమాట వేశాం. ఇప్పుడు పూత మీద ఉంది. అక్కడక్కడా మొక్కలు వడలిపోతున్నాయి. పొద్దున చూస్తే నిటారుగా ఉంటాయి, మధ్యాహ్నానికి తలలు వాలుస్తాయి, సాయంత్రం కాస్త తేరుకుంటాయి. రెండు మూడు రోజులు గడిచాక ఇక లేవవు. ఆకు పసుపు రంగుకు తిరగదు, పచ్చగా ఉండగానే మొక్క చచ్చిపోతోంది.

మందుల దుకాణంలో కాపర్ ఆక్సీక్లోరైడ్, స్ట్రెప్టోసైక్లిన్ ఇచ్చి మొదళ్లలో పోయమన్నారు. అదే డ్రమ్ములో సూడోమోనాస్ పొడి కూడా కలపమని మరో పొట్లం చేతిలో పెట్టారు. బ్యాక్టీరియాను చంపే మందులో ఇంకో బ్యాక్టీరియాను కలపడం ఏమిటో నాకు అర్థం కాలేదు. పోయకుండా ఆగి ఇక్కడ అడుగుతున్నాను. నేలలో ఉండే బ్యాక్టీరియా తెగులును ఆపగలదా? ఆపగలిగితే ఎలా వాడాలి?

బాపట్ల పాతవిద్యార్థి

ఆగడం మంచిదైంది. ఆ మూడూ ఒకే డ్రమ్ములో కలపకండి. స్ట్రెప్టోసైక్లిన్ యాంటీబయాటిక్. రాగి మందు కూడా బ్యాక్టీరియాకు విషమే. పొడిలో ప్రాణం ఉన్న కణాలు ఏమైనా ఉంటే డ్రమ్ములోనే పోతాయి.

ముందు తెగులేమిటో తేల్చుకోండి. వడలుతున్న మొక్కను పీకి, మొదలు దగ్గర బెత్తెడు ముక్క శుభ్రమైన కత్తితో కోయండి. గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన చివర నీళ్లలో మునిగేలా ముక్కను పట్టుకోండి. గ్లాసు కదలకూడదు. వెనుక నల్లటి గుడ్డ ఉంటే ఇంకా బాగా కనిపిస్తుంది. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నని దారం కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు, అంటే రాల్‌స్టోనియా. దారం రాకుండా, కాండం చీల్చితే లోపల గోధుమ రంగు చారలు మాత్రమే ఉండి, కింది ఆకులు ముందు పసుపెక్కుతుంటే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం అనుకోవచ్చు. వేళ్ల మీద బుడిపెలు ఉన్నాయేమో కూడా చూడండి. నులిపురుగులు చేసిన గాయాల్లోంచే రాల్‌స్టోనియా తేలిగ్గా లోపలికి పోతుంది.

టమాటతోట

ఇప్పుడే చేసి చూశాను. ముక్క నీళ్లలో పెట్టాక కాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత కోసిన అంచు నుంచి తెల్లటి పొగలాంటిది సన్నగా దిగి గ్లాసు అడుగున పరుచుకుంది. పచ్చగా ఉన్న పక్క మొక్క ముక్కను పెడితే నీళ్లు తేటగానే ఉన్నాయి. వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలు కూడా ఉన్నాయి.

బాపట్ల పాతవిద్యార్థి

అయితే రాల్‌స్టోనియానే, తోడుగా నులిపురుగులూ ఉన్నాయి. వడలిన మొక్కలను ఇంక ఏ మందూ బతికించదు. ఆ బ్యాక్టీరియా నీరు పైకెక్కే నాళాల్లోనే పెరిగి వాటిని జిగురుతో మూసేస్తుంది. మీరు చూసిన తెల్లటి దారం ఆ జిగురే. వేళ్లతో సహా పీకి పొలం బయటికి తీసుకెళ్లి కాల్చేయండి. ఆ సాలులోంచి నీరు మిగిలిన సాళ్లకు పారకుండా చూడండి. బతికున్న మొక్కలను కాపాడుకోవడం, వచ్చే పంట సంగతి చూసుకోవడం మాత్రమే మన చేతుల్లో ఉన్నాయి.

విత్తనాల కొట్టు (గుంటూరు)

నేను ఎన్నో ఏళ్లుగా ఎరువులు, మందులు అమ్ముతున్నాను. సూటిగా చెబుతాను, ఈ జీవ మందుల మీద నాకు నమ్మకం లేదు. రైతు తెగులు కనబడ్డాక వస్తాడు, రేపటికల్లా తగ్గాలంటాడు. ఈ పొడులతో రేపటికి కాదు, నెలకు కూడా తగ్గిన తోటను నేను చూడలేదు. మిరప నారుమడిలో నారుకుళ్ళుకు వాడిన వాళ్లు కొందరు బాగుందన్నారు, నిజమే. కానీ ముదిరిన తోటలో పోసి బాగుపడిన వాళ్లు లేరు. తెల్లపొడి అమ్మి రైతు డబ్బు లాక్కునే కంపెనీలే ఎక్కువ.

పలుచన (హైదరాబాద్)

నేను సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో పనిచేస్తాను. కొట్టు గారు చెప్పిన రెండు మాటలూ నిజమే. అందుకే రెంటినీ వివరంగా చెప్పాలి.

మొదటిది, ఇవి తెగులు వచ్చాక తగ్గించే మందులు కావు. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ వేరు ఉపరితలం మీద స్థిరపడి బతికే బ్యాక్టీరియా. వేరు నుంచి ఊరే చక్కెరలు, ఆమ్లాలే దాని ఆహారం. అది ముందుగా చేరి చోటు ఆక్రమిస్తే తర్వాత వచ్చే తెగులు క్రిమికి చోటూ తిండీ తగ్గుతాయి. ఇంకో పని, నేలలో ఇనుము దండిగా ఉన్నా, కరిగిన రూపంలో దొరికేది చాలా తక్కువ. ఈ బ్యాక్టీరియా సిడరోఫోర్ అనే పదార్థాన్ని వదిలి ఆ కొద్దిపాటి ఇనుమును లాగేసుకుంటుంది. అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరిసేది అదే. 1980లో అమెరికాలోని బర్కిలీలో క్లోప్పర్, ష్రోత్ బృందం తెగులు క్రిమికి ఇనుము అందకుండా చేయడమే మొక్క పెరుగుదలకు మేలు చేస్తోందని చూపించింది. వీటికి తోడు కొన్ని రకాలు ఫినజీన్, డిఎపిజి వంటి యాంటీబయాటిక్‌లను తామే తయారుచేస్తాయి. మొక్క సొంత రక్షణ వ్యవస్థను మేల్కొలిపే రకాలు కూడా ఉన్నాయి. వేరుకు పట్టిస్తే ఆకు మీద తెగులు తగ్గడం అలాగే జరుగుతుంది.

ఇదంతా తెగులు క్రిమి లోపలికి పోకముందు జరగాలి. నాళాల్లో చేరిపోయిన రాల్‌స్టోనియాను వేరు పైన ఉన్న సూడోమోనాస్ ఏమీ చేయలేదు. కొట్టు గారు చూసిన నారుమడికీ ముదిరిన తోటకూ తేడా అదే.

రెండోది నాసిరకం పొట్లాల సంగతి. దాని గురించి విడిగా రాస్తాను, అది నన్ను బాగా బాధపెట్టే విషయం.

నేలతల్లి (అనంతపురం జిల్లా)

అమ్మా, పొట్లాలు కొనడం ఎందుకు? మంచి బ్యాక్టీరియా మన నేలలోనే ఉంది. దేశీ ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలిపి ద్రవజీవామృతం పోస్తే చాలు. మా వేరుశనగలో మొదలుకుళ్ళు మునుపటంత లేదు. చుట్టుపక్కల రసాయనాలు వేసే చేలలో కనిపిస్తూనే ఉంది.

అడిలైడ్ తెలుగు

ఈ చర్చ చూసి ఊరుకోలేక రాస్తున్నాను. నేను దక్షిణ ఆస్ట్రేలియాలో బాదం మొక్కల నర్సరీలో పనిచేస్తాను. బ్యాక్టీరియాతో బ్యాక్టీరియా తెగులును ఆపిన బాగా తెలిసిన ఉదాహరణ మా ఊళ్లోనే పుట్టింది.

బాదం, పీచ్, గులాబీ మొక్కలకు మొదలు దగ్గర కణితి వస్తుంది. ఆగ్రోబ్యాక్టీరియం అనే నేల బ్యాక్టీరియా గాయంలోంచి దూరి, తన జన్యువుల ముక్కను మొక్క కణాల్లోకి ఎక్కిస్తుంది. ఇక ఆ కణాలు అదుపు లేకుండా పెరిగి కణితి కడతాయి. 1970ల మొదట్లో అడిలైడ్‌లోని వెయిట్ సంస్థలో ఆలన్ కెర్ అనే శాస్త్రవేత్త అదే జాతిలో రోగం కలిగించని ఒక రకాన్ని కనిపెట్టారు. దాని పేరు కె84. అది ఆగ్రోసిన్ 84 అనే పదార్థాన్ని వదులుతుంది. తెగులు క్రిమి దాన్ని తన ఆహారం అనుకుని లోపలికి తీసుకుని చచ్చిపోతుంది. మొక్కను నాటే ముందు వేళ్లను ఆ బ్యాక్టీరియా కలిపిన నీటిలో ముంచితే చాలు. మా నర్సరీలో ఇప్పటికీ వేళ్లు ముంచకుండా ఒక్క మొక్క కూడా బయటికి పోదు.

దీనిలో ఒక ఇబ్బంది కూడా వచ్చింది. ఆగ్రోసిన్‌ను తట్టుకునే జన్యువులు ఉన్న ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డిఎన్ఏ వలయం) కె84 నుంచి తెగులు క్రిమికి చేరే వీలుంది. చేరితే మందు పనిచేయదు. కెర్ బృందం ఆ బదిలీ జరగకుండా జన్యుభాగాన్ని తొలగించి కె1026 అనే రకాన్ని తయారుచేసింది. 1989 నుంచి ఆస్ట్రేలియాలో దాన్ని అమ్ముతున్నారు. 1990లో కెర్‌కు, మరో ఇద్దరు శాస్త్రవేత్తలకు కలిపి మొదటి ఆస్ట్రేలియా ప్రైజ్ వచ్చింది.

అయితే కె84 ద్రాక్ష కణితి మీద పనిచేయదు. అక్కడి క్రిమి ఆగ్రోసిన్‌ను లోపలికి తీసుకోదు. పక్క పంటలో అద్భుతంగా పనిచేసింది కదా అని మన పంటలో కూడా పనిచేయాలని లేదు.

పలుచన

అడిలైడ్ గారికి కృతజ్ఞతలు. నేలతల్లి గారికి ఇవ్వాలనుకున్న జవాబు మీ చివరి పేరాలో ఉంది.

నేలతల్లి గారూ, మీ మాటను నేను తోసిపుచ్చడం లేదు. సేంద్రియ పదార్థం పెరిగిన నేలలో తెగుళ్లు తగ్గడం చాలా చోట్ల చూసినదే. కానీ జీవామృతంలో ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందో ఎవరికీ తెలియదు, ప్రతి డ్రమ్మూ వేరుగా ఉంటుంది. ఒక ప్రత్యేకమైన క్రిమిని ఒక ప్రత్యేకమైన రకమే ఆపుతుంది. జీవామృతం నేలకు మంచిది. దాన్ని రాల్‌స్టోనియాకు మందు అని మాత్రం చెప్పలేం.

నేలే తెగులును అణచిన ఉదాహరణలు నిజంగా ఉన్నాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో గోధుమ మీద గోధుమ వేస్తూ పోతే టేక్ ఆల్ అనే వేరుకుళ్ళు మొదట కొన్నేళ్లు విజృంభించి, ఆ తర్వాత దానంతట అదే తగ్గిపోయేది. ఆ మట్టిని 60 డిగ్రీల వేడిలో అరగంట ఉంచితే ఆ గుణం పోయేది. వేడి చేయని అదే మట్టి కొంచెం వేరే నేలలో కలిపితే అక్కడికి వచ్చేది. అంటే అది ప్రాణం ఉన్న గుణం. అదే రాష్ట్రంలోని పుల్‌మన్‌లో కుక్, వెల్లర్, థొమాషో వంటి వాళ్లు ఏళ్ల తరబడి పరిశోధించి, గోధుమ వేళ్ల మీద పెరిగిన సూడోమోనాస్‌లే కారణమని తేల్చారు. ఒక గ్రాము వేరు మీద డిఎపిజి తయారుచేసే కణాలు సుమారు లక్ష ఉంటే తెగులు అణుగుతుంది. అంతకంటే తగ్గితే అణగదు.

ఆ లక్ష సంఖ్య గుర్తుపెట్టుకోండి. పొట్లం నాణ్యత ఎందుకంత ముఖ్యమో దానితోనే తెలుస్తుంది.

పసుపుకొమ్ము (నిజామాబాద్)

మా పసుపులో దుంపకుళ్ళుకు ట్రైకోడెర్మా, సూడోమోనాస్ రెండూ వాడమంటారు. కలిపి వాడవచ్చా? కొందరు వద్దంటున్నారు.

బాపట్ల పాతవిద్యార్థి

ట్రైకోడెర్మా బ్యాక్టీరియా కాదు, మంచి శిలీంధ్రం. సూడోమోనాస్‌లో కొన్ని రకాలు వదిలే యాంటీబయాటిక్‌లు శిలీంధ్రాలను అణచుతాయి, ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కదా. ఒకే డబ్బాలో కలిపి నిల్వ చేయకండి. ట్రైకోడెర్మాను పశువుల ఎరువుకు పట్టించండి. 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తేమ చల్లి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు మాగనిచ్చి ఆఖరి దుక్కిలో వేయండి. సూడోమోనాస్‌ను విత్తన దుంపకు పట్టించండి. కార్బెండజిమ్ శిలీంధ్రాల మందు కాబట్టి ట్రైకోడెర్మాను చంపుతుంది. ఆ రెండూ దగ్గర పెట్టకండి. అన్నింటికంటే ముందు మడిలో నీరు నిలవకుండా కాలువ తీయండి. నీళ్లు నిలిచిన పసుపులో ఏ సూక్ష్మజీవీ దుంపను కాపాడలేదు.

పలుచన

ఇప్పుడు పొట్లాల గురించి.

మన దేశంలో సూడోమోనాస్, బాసిల్లస్, ట్రైకోడెర్మా వంటి వాటిని తెగుళ్ల మందుగా అమ్మాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద నమోదు కావాలి. సూడోమోనాస్ పొడి మందులో గ్రాముకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. తేమకు కూడా పరిమితి ఉంది. సాల్మొనెల్లా, షిగెల్లా, విబ్రియో వంటి రోగకారకాలు అసలు ఉండకూడదు. పొట్లం మీద నమోదు సంఖ్య, బ్యాచ్, తయారీ తేదీ, గడువు తేదీ తప్పనిసరి. మొక్క పెరుగుదలకు తోడ్పడే జీవ ఉత్ప్రేరకాల (బయోస్టిమ్యులెంట్ల) పేరుతో అమ్మేవి వేరు. అవి 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. వాటి మీద తెగులు తగ్గుతుందని రాసి ఉంటే నమ్మకండి, అలా రాసే హక్కు వాటికి లేదు.

మా దగ్గరికి రైతులు తెచ్చిన పొట్లాలను ఇలా పరీక్షిస్తాం. ఒక గ్రాము పొడిని 9 మిల్లీలీటర్ల శుద్ధి చేసిన నీటిలో కలుపుతాం. అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి మళ్లీ 9లో. ఇలా పదో వంతు చొప్పున పలుచన చేస్తూ పోతాం. ఐదో గొట్టం నుంచి 0.1 మిల్లీలీటరు తీసి కింగ్స్ బి అనే పోషక పదార్థం పోసిన పళ్లెం మీద పరుస్తాం. గ్రాముకు 10 కోట్లు ఉంటే ఒకటి రెండు రోజుల్లో పళ్లెం మీద దాదాపు 100 చుక్కలు మొలవాలి. అతినీలలోహిత దీపం కింద పెడితే అవి పసుపుపచ్చగా మెరవాలి. మంచి పొట్లమైతే పళ్లెమంతా వెలుగుతుంది. నేను చూసిన వాటిలో కొన్ని పళ్లేల మీద మెరిసేవి రెండు మూడు కూడా లేవు, చుట్టూ ఏవేవో తెల్లటి బూజులు. రైతు డబ్బుతో కొన్నది కణాలను కలిపే ఉత్త టాల్కం పొడి అన్నమాట. ఆ పొట్లం ఆ తోటలో ఎలా పనిచేస్తుంది?

అన్నిసార్లూ తయారీదారుదే తప్పని కూడా అనలేం. సూడోమోనాస్‌కు విత్తన బీజంలాంటి నిద్రావస్థ లేదు. ఎండిపోతే, వేడెక్కితే చచ్చిపోతుంది. మామూలు గది వాతావరణంలో టాల్క్ పొడి కొన్ని నెలలకు మించి నిలవదు. మే నెలలో రేకుల కప్పు కింద పేర్చి పెడితే అంత కూడా నిలవదు. బాసిల్లస్ సబ్టిలిస్ అలా కాదు. కష్టకాలంలో గట్టి పెంకుతో బీజం కడుతుంది, ఎండనూ నిల్వనూ తట్టుకుంటుంది. ఐటూరిన్, ఫెంజైసిన్ వంటివి వదిలి శిలీంధ్రాల పొరలను దెబ్బతీస్తుంది. మన వేసవి కొట్లకు బాసిల్లస్ మేలని నా అభిప్రాయం.

విత్తనాల కొట్టు

పలుచన గారూ, ఈ పళ్లెం లెక్క నాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. కంపెనీ ప్రతినిధి వచ్చి తగ్గింపు ధర గురించి మాట్లాడతాడు తప్ప ఎక్కడ నిల్వ చేయాలో చెప్పడు. ఇక నుంచి ఈ సరుకును వెనుక గదిలో చల్లటి చోట పెడతాను, గడువు దగ్గరపడిన బ్యాచ్ తీసుకోను. నా అనుమానం మాత్రం ఒకటి మిగిలే ఉంది. మంచి పొట్లమే అనుకుందాం, వేసవిలో ఎండిన నేలలో ఆ కణాలు ఎన్నాళ్లు బతుకుతాయి?

పలుచన

ఎండిన వట్టి నేలలో ఎక్కువ కాలం బతకవు. తేమ, వేరు, సేంద్రియ పదార్థం ఉంటేనే నిలుస్తాయి. అందుకే విత్తనానికో నారు వేళ్లకో పట్టించమంటాం. వేరు సాగుతుంటే అవీ దాని వెంట పాకుతాయి. నేలలో వేయాలంటే చివికిన ఎరువుతో కలిపి, సాయంత్రం, తడి మీద వేయాలి.

నేలతల్లి

చివికిన ఎరువు కావాలనే కదా నేనూ మొదటి నుంచి అంటున్నది! సరే, ఇంకో సంగతి. మా వైపు కొందరు ఒక పొట్లం కొని బెల్లం నీళ్లలో పులియబెట్టి డ్రమ్ముల కొద్దీ పెంచుతున్నారు. అది మంచిదేనా?

బాపట్ల పాతవిద్యార్థి

మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, ఎరువు లేని నేలలో పొట్లం వృథా.

బెల్లం డ్రమ్ము మాత్రం జాగ్రత్త. తెరిచి ఉన్న డ్రమ్ములో ముందుగా పెరిగేది మనం వేసిందే అని నమ్మకం లేదు. మురుగు నీటి క్రిములు పడితే అవే పెరుగుతాయి. శుద్ధిగా పెంచే పద్ధతి నేర్చుకోవాలంటే రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకు శిక్షణ ఇస్తుంది. మీ సంఘం నుంచి ఇద్దరు యువకులను పంపండి.

పసుపుకొమ్ము

ఇవి మనుషులకు ఏమీ చేయవు కదా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, విత్తన శుద్ధి వాకిట్లోనే చేస్తాం.

పలుచన

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్‌కు చల్లటి వాతావరణం ఇష్టం, మన ఒంటి వేడిలో సరిగా పెరగదు. ఆరోగ్యవంతులకు భయం లేదు. అలాగని జీవ మందులన్నీ నిరపాయమని అనుకోకూడదు. బర్ఖోల్డేరియా సెపేషియా అనే నేల బ్యాక్టీరియా తెగుళ్లను బాగా అణచేది, కానీ సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్న రోగుల ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకమని తేలి అమెరికాలో దాని మీద ఆంక్షలు పెట్టారు. నమోదు లేని పొట్లం కొనవద్దని పదేపదే చెప్పేది ఇందుకే. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, టాల్క్ దుమ్ము పీల్చడం మంచిది కాదు. పిల్లలను దూరంగా ఉంచండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

టమాటతోట

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఎండిన మొక్కలన్నీ పీకి కాల్చేశాం. దుకాణంలో ఇచ్చిన పొడి గడువు దాటి ఉంది, తిరిగి ఇచ్చేశాను. ఈ తోటలో మిగిలింది కోసుకుంటాం. వచ్చే పంటకు ఈ నేలలో ఏం చేయమంటారు? మళ్లీ టమాటే వేయాలని ఉంది.

బాపట్ల పాతవిద్యార్థి

వెంటనే టమాట వద్దు. వంగ, మిరప, బంగాళాదుంప, వేరుశనగ కూడా వద్దు, రాల్‌స్టోనియా వీటన్నింటి మీదా బతుకుతుంది. మీ బోరు నీరు సరిపోతే ఒక కారు వరి వేయండి, నీళ్లు నిలిచిన మడిలో అది తగ్గుతుంది. లేకపోతే మొక్కజొన్న. నులిపురుగుల కోసం సాళ్లలో బంతి వేయండి.

తర్వాత టమాట వేసేటప్పుడు తట్టుకునే రకం ఎంచుకోండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్, అర్క సామ్రాట్ ఆకుముడత వైరస్‌తోపాటు ఈ ఎండు తెగులునూ తట్టుకుంటాయి. అడవి వంగ వేరు మీద అంటుకట్టిన టమాట నారు దొరికితే ఇంకా మంచిది.

సూడోమోనాస్‌ను వీటికి తోడుగా వాడండి, వీటి బదులుగా కాదు. విత్తనానికి కిలోకు 10 గ్రాములు పట్టించండి. ట్రేలలో నారు పెంచుతుంటే నాటడానికి ముందు రోజు లీటరుకు 10 గ్రాముల చొప్పున కలిపిన నీటితో ట్రేలను బాగా తడపండి. ఎకరాకు కిలో పొడిని 20 నుంచి 25 కిలోల చివికిన ఎరువులో కలిపి నాటే సాళ్లలో వేయండి. పొట్లం మీద మోతాదు వేరుగా ఉంటే దాన్నే పాటించండి. ఆ తర్వాత కనీసం పది రోజులు మొదళ్లలో రాగి మందు గానీ, స్ట్రెప్టోసైక్లిన్ గానీ, బ్లీచింగ్ పౌడర్ గానీ పోయకండి.

టమాటతోట

వరికి నీరు చాలదు, మొక్కజొన్న వేస్తాను. విత్తనం, పొట్లం కొనే ముందు నమోదు సంఖ్య, తయారీ తేదీ ఫొటో తీసి ఇక్కడ పెడతాను. పలుచన గారూ, ఒక పొట్లం మీ ప్రయోగశాలకు పంపితే పళ్లెం మీద వేసి చూస్తారా?

పలుచన

పంపండి, తప్పక చూస్తాను. తెరవని పొట్లం కావాలి, ఎండలో ఉంచకుండా పంపండి. పళ్లెం ఫొటో ఇక్కడే పెడతాను, అందరూ చూడవచ్చు.